పలాస గేట్‌పాస్ శ్రీకాకుళంలో పడితే: ఏఎస్400లో ప్రింటు దారి పట్టుకోవడం

ప్రింటు రాలేదని ఫోనొస్తే ముందు చెప్పాల్సింది ఒకటే: "మళ్లీ కొట్టకండి." పేపరు రాలేదంటే ప్రోగ్రామ్ పని చేయలేదని కాదు. చాలాసార్లు అది తన పని చక్కగా చేసేసి ఉంటుంది, కాగితం మాత్రం ఇంకో ఊళ్లో పడి ఉంటుంది. మాది జీడిపప్పు వ్యాపారం. ఆఫీసు విజయనగరంలో, గోడౌన్లు పలాసలో, శ్రీకాకుళంలో, రాజాంలో. అన్నిటికీ కలిపి ఏఎస్400, అంటే ఐబీఎం వాళ్ల వ్యాపార కంప్యూటర్. డబ్ల్యూ 320 రకం పప్పు టిన్నులు ఎక్కించుకుని లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. "మేడమ్, గేట్‌పాస్ రానేదండి, లారీవోడు గోలెట్టేత్తన్నాడు, మల్లీ కొట్టీమంటారా?" అని అటునుంచి అడుగుతారు. కొట్టేయమంటే ఆ నంబరు మీద రెండో కాగితం పుడుతుంది. ఒకటి పలాసలో లారీతో వెళ్తుంది, ఒకటి శ్రీకాకుళం ట్రేలో మిగిలిపోతుంది. ఏడాది చివర ఆడిటర్ అడిగితే ఏది అసలో చెప్పడం మన తరం కాదు.

కాబట్టి ప్రింటర్ జోలికి వెళ్లకముందే స్పూల్ ఫైల్ జోలికి, అంటే ప్రింటు కోసం మిషన్ దాచి ఉంచిన కాపీ జోలికి వెళ్లాలి. అదెక్కడుందో, దాన్ని అక్కడికి ఎవరు పొమ్మన్నారో తెలిస్తే మిగతాది చిన్న పని.

కమాండ్‌లు మనం నోటితో అనుకునేట్టే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వర్క్‌కి డబ్ల్యూ, ఆర్, కె. డిస్‌ప్లేకి డి, ఎస్, పి. చేంజ్‌కి సి, హెచ్, జి. ఓవర్‌రైడ్‌కి ఓ, వి, ఆర్. వెనకాల స్పూల్ ఫైల్‌కి ఎస్, పి, ఎల్, ఎఫ్. ప్రింటర్ ఫైల్‌కి పి, ఆర్, టి, ఎఫ్. రైటర్‌కి డబ్ల్యూ, టి, ఆర్. పారామీటర్లు గుర్తు రాకపోతే ఎఫ్4 ఉండనే ఉంది. ఇక పేరంటారా, 1988లో ఏఎస్400గా వచ్చిన మిషన్ ఐసిరీస్ అయింది, సిస్టమ్ ఐ అయింది, 2008 నుంచి ఐబీఎం ఐ అంటున్నారు. మా ఆఫీసులో మాత్రం ఇప్పటికీ ఏఎస్400నే.

ముందు పుట్టిందా లేదా

వర్క్ స్పూల్ ఫైల్ కొట్టి, యూజర్ దగ్గర ఫోన్ చేసినవాళ్ల ఐడీ ఇవ్వండి. మీ ఐడీతో చూస్తే మీ ఫైళ్లే కనబడతాయి, "ఏమీ లేదండీ" అని చెప్పేస్తారు. జాబితాలో డివైస్ ఆర్ క్యూ అనే కాలమ్ ఉంటుంది. క్యూ, అంటే అవుట్‌క్యూ, స్పూల్ ఫైళ్లు ప్రింటు కోసం వరుసలో ఉండే చోటు. పలాస క్యూ ఉండాల్సిన చోట శ్రీకాకుళం క్యూ కనబడితే అది దారి తప్పిన కేసు. పలాస క్యూనే కనబడితే దారి సరిగ్గానే ఉంది, ప్రింటర్ దగ్గరో, క్యూలోంచి ఫైల్ తీసి ప్రింటర్‌కి పంపే రైటర్ దగ్గరో ఆగింది. ఈ రెండింటినీ కలిపేసుకుంటే మధ్యాహ్నమంతా పోతుంది.

దారి సరిగ్గా ఉండి ఆగిపోయిన కేసు తొందరగా తేలుతుంది. స్టేటస్ కాలమ్ చదవండి. ఆర్‌డీవై అని ఉండి కదలకపోతే ఆ క్యూకి రైటర్ తగిలి లేదన్నమాట. స్టార్ట్ ప్రింటర్ రైటర్ కొట్టండి. హెచ్‌ఎల్‌డీ అయితే ఎవరో ఆపారు, లేదా ప్రింటర్ ఫైల్‌లోనే (ప్రింటు ఎలా, ఎక్కడికి వెళ్లాలో రాసి ఉండేది అందులోనే) హోల్డ్ యెస్ అని ఉంది. ఎంఎస్‌జీడబ్ల్యూ అయితే రైటర్ మనల్ని ఏదో అడిగి జవాబు కోసం కూర్చుంది. మాకు ఎక్కువగా వచ్చేది ఫామ్ టైప్ ప్రశ్న, అంటే ఏ రకం కాగితం ఎక్కించారని. మూడు కాపీల గేట్‌పాస్ స్టేషనరీకి ఒక ఫామ్ టైప్ పేరు పెట్టుకున్నాం, ఎవరో లెడ్జర్ కోసం మామూలు కాగితం ఎక్కించి స్టాండర్డ్‌కి మార్చి వెళ్లిపోతారు. ఆప్షన్ 7తో మెసేజ్ చూసి, కాగితం నిజంగా మార్చారో లేదో కనుక్కుని జవాబివ్వండి. కనుక్కోకుండా జవాబిచ్చేస్తే గేట్‌పాస్ లెడ్జర్ కాగితం మీద పడుతుంది. ఎందుకు ఆగిందో ఎంతకీ తేలకపోతే ఆప్షన్ 9, ప్రింటింగ్ స్టేటస్ ఉంది. అది వివరం మాటల్లోనే చెబుతుంది. చాలామంది ఆ నంబరు ముట్టుకోనే ముట్టుకోరు.

ఓపీఎన్ అని కనబడితే మాత్రం ప్రింటర్‌ని వదిలేసి ప్రోగ్రామ్ వైపు తిరగాలి. ప్రింటర్ ఫైల్ మామూలుగా క్లోజ్ అయ్యాకే ప్రింటుకి బయల్దేరుతుంది. ఆర్‌పీజీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఎల్‌ఆర్ అనే "పని ముగిసింది" గుర్తు ఆన్ చేయకుండా రిటర్న్ అయితే ఫైల్ తెరిచే ఉంటుంది. గోడౌన్ కుర్రాడు సాయంత్రం సైనాఫ్ అయ్యేదాకా గేట్‌పాసులన్నీ ఒకే స్పూల్ ఫైల్‌లో పేరుకుని, అప్పుడు ఒక్కసారిగా వచ్చి పడతాయి. సీఎల్‌ఓ అని ఉంటే షెడ్యూల్‌ని జాబ్ ఎండ్ అని పెట్టారని అర్థం. ఆ జాబ్, అంటే సైనాన్ నుంచి సైనాఫ్ దాకా నడిచేదో బ్యాచ్‌లో నడిచే పనో, మొత్తం అయ్యేదాకా అదీ కదలదు.

ఎవరు చెప్పారు వెళ్లమని

ఇక దారి తప్పిన కేసు. ఇంట్లో పిల్లాడు ఏదైనా అడిగితే అమ్మ నాన్ననడగమంటుంది, నాన్న తాతనడగమంటాడు; ఈ మిషన్‌లో అవుట్‌క్యూ తేల్చే పద్ధతి అచ్చంగా అదే. మొదట అడిగేది ప్రింటర్ ఫైల్‌ని. అందులో అవుట్‌క్యూ పేరు సూటిగా రాసి ఉంటే కథ అక్కడితో అయిపోతుంది. స్టార్ జాబ్ అని (ముందు నక్షత్రం గుర్తుంటే అది పేరు కాదు, ప్రత్యేక విలువ) ఉంటే జాబ్‌ని అడుగుతుంది. జాబ్‌కి ఆ విలువ జాబ్ డిస్క్రిప్షన్ నుంచి వస్తుంది, అక్కడ మామూలుగా స్టార్ యూజర్ ప్రొఫైల్ అని ఉంటుంది. యూజర్ ప్రొఫైల్‌లో స్టార్ వర్క్‌స్టేషన్ అని ఉంటే ఏ డిస్‌ప్లే నుంచి సైనాన్ అయ్యారో ఆ డివైస్ డిస్క్రిప్షన్‌ని అడుగుతుంది. అక్కడా ఏ పేరూ లేకపోతే చివరికి మిషన్ మొత్తానికి ఉండే సెట్టింగ్, సిస్టమ్ వాల్యూ క్యూపీఆర్‌టీడెవ్ దగ్గర ఆగుతుంది. కొత్త మిషన్‌లో అందులో ఉండేది పీఆర్‌టీ01.

ఇందులో ఒక పక్కదారి ఉంది. జాబ్ అవుట్‌క్యూ దగ్గర స్టార్ డెవ్ అని ఉంటే క్యూ పేరు వదిలేసి ప్రింటర్ పేరు వెతుకుతుంది: ప్రింటర్ ఫైల్‌లోని డెవ్, అక్కడ స్టార్ జాబ్ అయితే జాబ్‌లోని ప్రింటర్ డివైస్, ఆ తర్వాత మళ్లీ ప్రొఫైల్, వర్క్‌స్టేషన్, సిస్టమ్ వాల్యూ. ప్రింటర్ దొరికాక అదే పేరున్న అవుట్‌క్యూలో వేస్తుంది. అందుకని అవుట్‌క్యూ ఒక్కటే చూసి "అంతా బాగానే ఉంది" అనుకోవద్దు, డెవ్ కూడా చూడండి.

వెతికేటప్పుడు ప్రింటర్ ఫైల్‌తో మొదలుపెట్టి ఇదే వరుసలో వెళ్లండి. సిస్టమ్ వాల్యూతో మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. అది మారిస్తే ఒకరి బాధ తీరి పదిమందికి కొత్త బాధ మొదలవుతుంది. డిస్‌ప్లే ఫైల్ డిస్క్రిప్షన్‌తో ప్రింటర్ ఫైల్ చూడండి. ఈ పని చేసేటప్పుడు ఆ పేరుతో ఎన్ని ఫైళ్లున్నాయో కూడా చూడాలి. టెస్ట్ లైబ్రరీలో పాత కాపీ ఉండి, మిషన్ ఫైల్ కోసం వరుసగా వెతికే లైబ్రరీ లిస్ట్‌లో అది ముందుంటే మీరు ప్రొడక్షన్ కాపీని ఎంత మార్చినా ఉపయోగం లేదు. ప్రింటర్ ఫైల్ మళ్లీ కంపైల్ చేసినా చేంజ్ ప్రింటర్ ఫైల్‌తో పెట్టిన క్యూ పోతుంది. ఐబీఎం ఇచ్చిన ఫైళ్లలో మీరు చేసిన మార్పులు కొత్త రిలీజ్ ఎక్కించినప్పుడు పోతాయి. అప్‌గ్రేడ్ అయిన మర్నాడు వచ్చే ఫోన్లలో సగం ఇవే.

ఫైల్ బాగుంటే జాబ్ చూడాలి. ఫోన్‌లో ఉన్న మనిషినే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి సిస్టమ్ రిక్వెస్ట్‌లో 3 కొట్టమనండి. డిస్‌ప్లే జాబ్ వస్తుంది. ఆప్షన్ 2లో ప్రింటర్ డివైస్, డిఫాల్ట్ అవుట్‌క్యూ రెండూ ఉంటాయి. యూజర్ ప్రొఫైల్‌లో క్యూ మార్చినా ఇక్కడ పాతదే కనబడుతుంటే కంగారు వద్దు. జాబ్ మొదలైనప్పుడు పట్టుకున్న విలువ అది, సైనాఫ్ అయి మళ్లీ వస్తేనే కొత్తది అందుకుంటుంది. అలాగే చేంజ్ జాబ్‌తో క్యూ మార్చినా ఆ తర్వాత తెరిచే ఫైళ్లకే వర్తిస్తుంది, ముందే పుట్టినవాటికి కాదు.

వర్క్‌స్టేషన్ మెట్టు దగ్గర ఒక మాట. సెషన్‌లో వర్క్‌స్టేషన్ ఐడీ ఇవ్వకపోతే మిషన్ తనంతట తానే క్యూప్యాడెవ్ అని మొదలయ్యే నంబర్ పేరు ఒకటి ఇస్తుంది. పొద్దున ఆ పేరు పలాసది, మధ్యాహ్నం అదే పేరు రాజాంకి వెళ్లొచ్చు. "నిన్న బాగానే వచ్చిందండీ, ఇవాళే ఇలా" అన్నారంటే ముందు ఇదే చూడండి. పీసీలో ఏఎస్400 స్క్రీన్ తెరిచే యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్‌లో ప్రతి పీసీకి ఒక పేరు పెట్టేస్తే ఈ గొడవ పోతుంది.

ఓవర్‌రైడ్ దగ్గర ఆగి చూడండి

ఇంతవరకూ అన్నీ సరిగ్గా ఉండి కాగితం ఇంకా తప్పు చోట పడుతుంటే నా అనుమానమంతా ఓవర్‌రైడ్ ప్రింటర్ ఫైల్ మీదే. ఫైల్‌ని ముట్టుకోకుండా, నడిచేటప్పుడు మాత్రం దాని విలువలు మార్చే కమాండ్ అది. పైన చెప్పిన మెట్లన్నిటినీ అది దాటేస్తుంది. ఫైల్‌లో చూస్తే కనబడదు, ప్రొఫైల్‌లో చూస్తే కనబడదు. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు డిస్‌ప్లే జాబ్‌లో ఆప్షన్ 15లో కనబడుతుంది. అందుకే గేట్‌పాస్ స్క్రీన్ మీద ఉండగానే సిస్టమ్ రిక్వెస్ట్ నొక్కమనాలి. మెనూకి వచ్చేశాక నొక్కితే సగం సాక్ష్యం పోయి ఉంటుంది.

మా దగ్గర జరిగింది చెబుతాను. పలాస ప్రింటర్ రిపేరుకి వెళ్లింది. ఆ నాలుగు రోజులకని ఎవరో మెనూ సీఎల్‌లో (సీఎల్ అంటే ఈ కమాండ్‌లతోనే రాసే ప్రోగ్రామ్) గేట్‌పాస్ ఫైల్‌ని శ్రీకాకుళం క్యూకి పంపే ఓవర్‌రైడ్ ఒక లైను రాశారు. ప్రింటర్ బాగై వచ్చింది, లైను మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రోగ్రామర్ గేట్‌పాస్ సీఎల్ తెరిచి, అందులో పలాస క్యూకి ఇంకో ఓవర్‌రైడ్ పెట్టి, ఇది తర్వాత వచ్చేది కాబట్టి ఇదే నెగ్గుతుంది అన్నాడు. కాగితం మళ్లీ శ్రీకాకుళంలోనే పడింది. "మేడమ్, ఈడ మీ గేట్‌పాసులు కట్ట కట్టి ఎట్టేనండి, బస్సుకెయ్యమంటారా?" అని వాళ్లూ ఫోన్ చేశారు.

రూలు ఇదీ. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలిచిన ప్రతిసారీ ఒక కాల్ లెవెల్ పెరుగుతుంది. ఒకే కాల్ లెవెల్‌లో ఒకే ఫైల్‌కి రెండు ఓవర్‌రైడ్లుంటే తర్వాతది ముందుదాన్ని చెరిపేస్తుంది. వేర్వేరు లెవెళ్లలో ఉంటే మాత్రం తిరగబడుతుంది: ముందు పిలిచిన ప్రోగ్రామ్‌లోనిదే, అంటే మెనూలోనిదే, లోపలి ప్రోగ్రామ్‌లోనిదాన్ని తోసేస్తుంది. దీని వెనక ఆలోచన ఉంది. పిలిచినవాడు పిలిపించుకున్నవాడి దారి మార్చగలగాలని అలా పెట్టారు. లోపలి ప్రోగ్రామ్ మాటే చెల్లాలంటే అక్కడి ఓవర్‌రైడ్‌లో సెక్యూర్ యెస్ పెట్టాలి. మాకైతే ఆ అవసరం రాలేదు, మెనూలో లైను తీసేస్తే సరిపోయింది. సెక్యూర్ యెస్ చూసిన చోటల్లా పెట్టేసే అలవాటు నాకు నచ్చదు. రేపు నిజంగానే దారి మళ్లించాల్సి వస్తే ఆ ప్రోగ్రామ్ ఎవరి మాటా వినదు.

ఓవర్‌రైడ్ పని చేయకపోవడానికి ఇంకో కారణం అది పుట్టిన చోటే పోవడం. క్యూ తేల్చే పని ఒక చిన్న సీఎల్‌కి అప్పజెప్పి, దాన్ని కాల్ చేసి తిరిగొచ్చి రిపోర్ట్ నడుపుతారు. ఆ చిన్న సీఎల్ రిటర్న్ అవగానే అది పెట్టిన ఓవర్‌రైడ్ కూడా పోతుంది. రిపోర్ట్ తెరిచేసరికి ఏమీ ఉండదు. చిన్న సీఎల్ క్యూ పేరు మాత్రం తిరిగివ్వాలి, ఓవర్‌రైడ్ పిలిచినవాడే వేసుకోవాలి. లేదా ఓవర్‌రైడ్ ఎంతవరకు చెల్లాలో చెప్పే స్కోప్‌లో స్టార్ జాబ్ పెట్టాలి, పెడితే పనయ్యాక డిలీట్ ఓవర్‌రైడ్ మరిచిపోకూడదు.

కొత్త పద్ధతి ఐఎల్ఈ ప్రోగ్రాములైతే యాక్టివేషన్ గ్రూప్, అంటే జాబ్ లోపల ప్రోగ్రాములు నడిచే విడి గది, కూడా చూడాలి. పేరున్న గ్రూప్‌లో నడిచే సీఎల్ స్కోప్ ఏమీ చెప్పకుండా ఓవర్‌రైడ్ వేస్తే అది ఆ గ్రూప్‌కే పరిమితం. ఆర్‌పీజీ ఇంకో గ్రూప్‌లో ఉంటే దానికి ఆ సంగతే తెలియదు. స్కోప్‌ని కాల్ లెవెల్ అని రాస్తే సర్దుకుంటుంది. పాత ఓపీఎం ప్రోగ్రామ్‌లను ఐఎల్ఈకి మార్చిన చోట్ల ఇది ఎక్కువ.

స్క్రీన్ మీద సరే, బ్యాచ్‌లో కాదు

"కూర్చుని కొడితే సరిగ్గా వస్తోంది, సబ్మిట్ చేస్తే ఎక్కడికో పోతోంది" అంటే వెతకాల్సిన పని పెద్దగా లేదు. పనిని స్క్రీన్ వదిలేసి వెనకాల బ్యాచ్‌లో నడిపించే సబ్మిట్ జాబ్‌తో జాబ్ అవుట్‌క్యూ వెళ్తుంది, ఎందుకంటే అక్కడ డిఫాల్ట్ స్టార్ కరెంట్, అంటే ఇప్పటి జాబ్‌దే. ఓవర్‌రైడ్లు మాత్రం వెంట వెళ్లవు. అవి సబ్మిట్ అయ్యే సీఎల్ లోపలే ఉండాలి.

రాత్రి షెడ్యూలర్‌లో నడిచే జాబులది ఇంకో తీరు. వాటికి వర్క్‌స్టేషన్ అంటూ లేదు. యూజర్ ప్రొఫైల్‌లో స్టార్ వర్క్‌స్టేషన్ అని ఉంటే ఆ మెట్టు దాటిపోయి సిస్టమ్ వాల్యూకి వెళ్లి ఆగుతుంది. నెలాఖరు స్టాక్ లెడ్జర్లన్నీ ఎవరూ లేని గదిలో పీఆర్‌టీ01 మీద పడేది ఇలాగే. ఆ జాబులకు విడిగా ఒక జాబ్ డిస్క్రిప్షన్ చేసి అందులో అవుట్‌క్యూ రాయండి. ఇంకా మేలేమిటంటే, ఆ క్యూకి రైటర్ తగిలించకుండా వదిలేయండి. పొద్దున వచ్చి ఎవరికి ఏది కావాలో చూసి అప్పుడు పంపుకోవచ్చు, కాగితం మిగులుతుంది.

మిషన్‌లో అంతా సరే, గోడౌన్‌లో కాదు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు, లైన్లు వచ్చాక గోడౌన్‌లో కొత్త రౌటర్ పెట్టారు. అది ప్రింటర్లకు తన ఇష్టం వచ్చిన అడ్రసులు పంచింది. గేట్‌పాస్ ప్రింటర్ పాత అడ్రసు కాటా గదిలో ప్రింటర్‌కి వెళ్లింది. మన వైపు చూస్తే క్యూ పలాసదే, రైటర్ నడుస్తోంది, ఫైల్ వెళ్లిపోయింది, ఎక్కడా ఎర్రర్ లేదు. కాగితం మాత్రం కాటా గదిలో తూకం చీటీల మధ్య పడుతోంది. అడ్రసు పలుకుతోందా అని చూసే పింగ్ కొడితే జవాబొస్తుంది. జవాబిచ్చేది ఎవరో పింగ్ చెప్పదు. ఇలాంటప్పుడు ప్రింటర్ దగ్గరున్న మనిషి చేత దాని కాన్ఫిగరేషన్ పేజీ తీయించి, అందులోని అడ్రసు చదివించుకోవాలి.

ఆ అడ్రసు మన దగ్గర ఎక్కడుందో రెండు చోట్ల చూడాలి. నెట్‌వర్క్‌లో ప్రింటు పంపే ఎల్‌పీఆర్ పద్ధతితో పంపే రిమోట్ అవుట్‌క్యూ అయితే అవుట్‌క్యూలోనే ఇంటర్నెట్ అడ్రస్ ఉంటుంది, పోర్ట్ 515. 3812 రకం లాన్ ప్రింటర్ డివైస్ అయితే డివైస్ డిస్క్రిప్షన్‌లో రిమోట్ లొకేషన్ దగ్గర ఉంటుంది, పోర్ట్ మామూలుగా 9100. మొదటిదానికి రైటర్ ఆపి, రెండోదానికి డివైస్ వేరీ ఆఫ్ చేసి, అంటే మిషన్ వైపు ఆపి, మార్చాలి. ప్రింటర్ అందకపోతే రిమోట్ క్యూలో ఫైల్ ఎస్‌ఎన్‌డీ స్టేటస్ దగ్గరే కూర్చుంటుంది, అదొక గుర్తు. అవకాశం ఉంటే 9100 దారే పెట్టుకోమంటాను. లెడ్జర్ నడిమధ్య కాగితం ఇరుక్కుంటే ఫలానా పేజీ నుంచి కొట్టమనడానికి ఎల్‌పీఆర్‌లో కుదరదు, మొత్తం మొదటినుంచి కొట్టాలి. ఏ దారైనా ప్రింటర్‌కి స్థిరమైన అడ్రసు ఇప్పించండి, రౌటర్ వాళ్లతో ఒకసారి గట్టిగా మాట్లాడితే అయిపోయే పని.

స్పూల్ ఫైల్ అసలు కనబడకపోతే, వర్క్ జాబ్‌లోనూ లేకపోతే, క్యూపీఆర్‌టీజాబ్ పేరుతో వెతకండి. పీసీ నుంచి సర్వర్ జాబ్ ద్వారా నడిచే రిపోర్టుల్లో జాబ్ ఒక యూజర్‌ది, పని చేస్తున్నది ఇంకో యూజర్ పేరు మీద. అప్పుడు స్పూల్ ఫైల్ ఆ పేరుతో ఉన్న క్యూపీఆర్‌టీజాబ్ కిందకి చేరుతుంది. పోలేదు, ఇంకో గూట్లో ఉందంతే.

మేం పెట్టుకున్న ఏర్పాటు

యూజర్ ప్రొఫైల్‌లో క్యూ రాయడం విజయనగరం ఆఫీసుకి చాలు, ఇక్కడ ఎవరి కుర్చీ వారిదే. గోడౌన్లలో అలా కాదు. పలాస మనిషి రాజాంలో లోడింగ్ చూడ్డానికి వెళ్తాడు, కాగితం పలాసలో వస్తే అతనికేం లాభం? అందుకని మనిషిని బట్టి కాక కూర్చున్న చోటుని బట్టి పంపుతున్నాం. పీసీలన్నిటికీ ఊరిని బట్టి మొదలయ్యే పేర్లు పెట్టాం. సైనాన్ అవగానే నడిచే ఇనీషియల్ ప్రోగ్రామ్ జాబ్ పేరు చదువుతుంది, ఇంటరాక్టివ్‌లో అది వర్క్‌స్టేషన్ పేరే. దాని మొదటి మూడు అక్షరాలతో ఒక చిన్న టేబుల్‌లో క్యూ వెతికి చేంజ్ జాబ్ కొడుతుంది. ప్రింటర్ ఫైళ్లన్నిటిలో అవుట్‌క్యూ స్టార్ జాబ్. ప్రింటర్ రిపేరుకి వెళ్తే టేబుల్‌లో ఒక వరుస మారుస్తాం, సీఎల్ ఎవరూ ముట్టుకోరు. టేబుల్‌లో ఆ ఊరు లేకపోతే రైటర్ లేని క్యూకి వెళ్తుంది, ఇంకొకరి ప్రింటర్‌కి కాదు.

ఇక ఇప్పటికే తప్పు క్యూలో కూర్చున్న ఫైళ్ల సంగతి. ముందు ఆప్షన్ 3తో హోల్డ్ చేయండి, లేకపోతే మీరు చూస్తుండగానే అక్కడ ప్రింటయిపోతుంది. తర్వాత ఆప్షన్ 2తో అవుట్‌క్యూ మార్చి, ఆప్షన్ 6తో వదలండి. గోడౌన్ వాళ్లే ఇది చేసుకోవాలని అడుగుతారు, వాళ్ల సొంత ఫైళ్లయితే అవతలి క్యూ మీద అధికారం ఉంటే చేసుకోగలరు. మిగతావాళ్ల ఫైళ్లకు జాబ్ కంట్రోల్ అనే ప్రత్యేక అధికారం ఇవ్వచ్చు, అది క్యూలో ఆపరేటర్ కంట్రోల్ యెస్ ఉన్నచోటే పని చేస్తుంది. స్పూల్ కంట్రోల్ అనే అధికారం మాత్రం ఎవరు ఎంత అడిగినా ఇవ్వకండి. అది ఉన్నవాడికి జీతాల షీటుతో సహా మిషన్‌లో ఏ స్పూల్ ఫైలైనా తెరుచుకుంటుంది. జీతాల క్యూకి ఆపరేటర్ కంట్రోల్ నో పెట్టి విడిగా ఉంచండి.